వేరుశనగ చేలో తుంగ, అమృతకాడ, గలిజేరు: ఇప్పుడు చేయాల్సింది, విత్తేముందు చేయాల్సింది

మీరు అడిగింది ఇది: వేరుశనగ విత్తి 22 రోజులైంది, విత్తిన మర్నాడే పెండిమిథాలిన్ అనే కలుపు మందు కొట్టారు, అయినా సాళ్ళ మధ్య తుంగ, అమృతకాడ, గలిజేరు లేచాయి, అక్కడక్కడ ఊద కూడా ఉంది. అన్నింటికీ కలిపి ఒకే మందు చెప్పమన్నారు.

అలాంటి మందు లేదండీ. మీరు చెప్పిన నాలుగు కలుపులూ నాలుగు రకాలుగా బతికేవి. తుంగ నేలలోని గడ్డల మీద బతుకుతుంది. అమృతకాడ కణుపు కణుపుకీ వేరు పోసుకుంటుంది. గలిజేరు బలమంతా గింజలోనే. ఊద మామూలు గడ్డిజాతి, నలుగురిలో తేలిగ్గా లొంగేది అదే. ఒకదాన్ని చంపే పని ఇంకోదానికి మేలు చేసి పెట్టవచ్చు. ఇరవై ఏళ్ళకు పైగా వేరుశనగ వేస్తున్నవాడిగా చెబుతున్నాను, మందు పేరు అడిగేముందు కలుపు ఎలా బతుకుతోందో చూడాలి.

ముందు మీ చేతిలో ఎంత సమయం ఉందో లెక్క వేసుకోండి. వేరుశనగ మొదట్లో చాలా నెమ్మదిగా పెరిగే పైరు. మొదటి నెలా నెలన్నర నేలను కప్పలేదు, ఆ ఖాళీలో కలుపు లేస్తుంది. విత్తిన మూడో వారం నుంచి ఏడెనిమిది వారాల వరకు కలుపు ఉంటే దిగుబడికి పడే దెబ్బ మళ్ళీ పూడదు, పూర్తిగా వదిలేస్తే సగం పంట పోవడం కూడా అసాధారణం కాదు. ఇంకోవైపు 25-30 రోజులకు పూత మొదలవుతుంది, మరో వారం పది రోజుల్లో ఊడలు, అంటే పూల నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు, దిగడం మొదలవుతుంది. ఊడలు నేలలోకి దిగాక గుంటక, దంతె లాంటి కలుపు తీసే పనిముట్లు సాళ్ళ మధ్య తిరగకూడదు. కదిలిన ఊడ కాయ కాదు. కాబట్టి 40-45 రోజులు దాటితే ఇనుప పనిముట్టు చేలోకి రాకూడదన్నమాట. మీకు మిగిలింది మహా అయితే 20 రోజులు. వారం రోజులు ఆలోచిద్దాం అనుకుంటే ఉన్నదాంట్లో మూడోవంతు పోయినట్టే.

రేపు పొద్దున చేసే పని. చేలో నాలుగు చోట్ల కూర్చుని కలుపు ఎన్ని ఆకుల మీద ఉందో లెక్కపెట్టండి. ఊద, గలిజేరు రెండు మూడు ఆకుల మీద ఉంటే, నేలలో పదును (తేమ) ఉంటే, ఇమాజెతాపిర్ 10 శాతం ద్రావణం పనికొస్తుంది. ఎకరాకు 300 నుంచి 400 మి.లీ., 200 లీటర్ల నీటిలో. డబ్బా మీద వేరుశనగ పేరు ఉందో లేదో, మోతాదు ఎంత రాశారో చదివి, అక్కడ రాసిందే ఖాయం చేసుకోండి. ఈ మందు చిన్న గడ్డినీ, చాలా వెడల్పాకు కలుపునీ చంపుతుంది, తుంగను కొంతకాలం అణచిపెడుతుంది. ఆ అణచడాన్ని చావు అనుకోవద్దు, కింద గడ్డ బతికే ఉంటుంది. కొట్టిన తర్వాత వారం పది రోజులు పైరు లేత పసుపు రంగుకు మారి, ఎదుగుదల ఆగినట్టు కనిపించవచ్చు. తర్వాత తేరుకుంటుంది. ఆ పసుపు చూసి కంగారుపడి పోషకాలూ టానిక్కులూ కొట్టేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ ఖర్చు వద్దు, పదిరోజులు ఓపిక పట్టండి.

ఇమాజెతాపిర్‌తో ఇంకో చిక్కు ఉంది, అమ్మేటప్పుడు దీన్ని గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ. అది నేలలో నెలల తరబడి నిలుస్తుంది. వేరుశనగ తర్వాత ఆవాలు, జొన్న, పత్తి, కూరగాయలు వేయాలనుకుంటే ఆ పైర్లు మొలకలోనే గిడసబారిపోవచ్చు. తర్వాత ఏ పంట వేయాలో ముందు తేల్చుకుని, డబ్బా మీద ఏ పంటకు ఎన్ని నెలల ఎడం రాశారో చూసి, అప్పుడు కొట్టండి.

ఊద ఒక్కటే ఎక్కువగా ఉన్న మడుల్లో ఇమాజెతాపిర్ అక్కర్లేదు. క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం, ఎకరాకు 400 మి.లీ. చాలు. ఇది గడ్డిజాతిని మాత్రమే చంపుతుంది, వేరుశనగను ముట్టదు, తుంగనూ ముట్టదు. చాలామందికి ఇక్కడే పొరపాటు జరుగుతుంది. తుంగ చూడ్డానికి గడ్డిలా ఉంటుంది గానీ గడ్డి కాదు. కాడను వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి, మూడు పలకలు తగులుతాయి. గడ్డి కాడ గుండ్రంగానో చదునుగానో ఉంటుంది, కణుపులు ఉంటాయి. గడ్డి మందు తుంగ మీద కొట్టి పని చేయలేదని రెండోసారి రెట్టింపు మోతాదు కొట్టినవాళ్ళున్నారు. డబ్బు పోయింది, తుంగ అలాగే ఉంది. క్విజాలోఫాప్ కొట్టాక అయిదారు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. అప్పుడు ఊద సుడి ఆకు పట్టుకుని మెల్లగా లాగితే తేలిగ్గా ఊడి వస్తుంది, దాని మొదలు దగ్గర గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. అలా వస్తే మందు పనిచేసినట్టే, పూర్తిగా ఎండడానికి ఇంకో వారం పడుతుంది. బెట్టలో ఉన్న గడ్డి మీద మాత్రం ఈ మందు సరిగా పట్టదు. తడి పెట్టి, గడ్డి తేరుకున్నాక కొట్టండి.

గడ్డి మందునూ వెడల్పాకు మందునూ ఒకే డ్రమ్ములో కలిపి కొడితే కూలి మిగులుతుంది నిజమే. కొన్ని జంటల్లో వెడల్పాకు మందు గడ్డి మందు బలాన్ని తగ్గిస్తుంది. కలపవచ్చని డబ్బా మీద స్పష్టంగా ఉంటేనే కలపండి, లేకపోతే వారం ఎడంతో విడివిడిగా కొట్టండి.

ఇప్పుడు తుంగ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు ఈ ఏడు ఏం చేసినా వచ్చే ఏడు మళ్ళీ అడగబోయేది దీని గురించే.

తుంగను పైకి లాగితే ఆకులు వస్తాయి, గడ్డ కింద ఉండిపోతుంది. ఆ గడ్డలు నేలలో సన్నటి వేరుకాడలతో ఒకదానికొకటి గొలుసుకట్టుగా ఉంటాయి. గొలుసు తెగనంతవరకు కొస గడ్డ మొలుస్తుంది, మిగతావి నిద్రలో ఉంటాయి. గొలుసును ముక్కలు చేసిన రోజున ఆ నిద్రపోయేవన్నీ లేస్తాయి. ఒక్క గడ్డ నుంచి మూడు నెలల్లో వంద దాకా కొత్త గడ్డలు తయారవుతాయి. నేను ఒక ఏడు తుంగ ఉన్న మూలలో రోటవేటరు తిప్పించాను. పైకి నేల పిండిలా అయింది, చేను శుభ్రమైందని సంబరపడ్డాను. ఇరవై రోజులకు ఆ మూలతో పాటు రోటవేటరు తిరిగిన దారంతా తుంగ మొలిచింది. పనిముట్టుకు అంటుకున్న మట్టితో గడ్డలు చేనంతా పంచిపెట్టాను. ఆ నాలుగు సెంట్ల మచ్చను ఎకరం మచ్చ చేసింది నా చేతులే. తగ్గించడానికి నాలుగేళ్ళు పట్టింది.

దానికి రెండు బలహీనతలున్నాయి. మొదటిది, గడ్డలో నిల్వ ఉన్న బలం తరిగేదే. మొలిచిన మొక్క మూడు నాలుగు వారాలకు గానీ కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెట్టదు. ఆ లోపలే తొలికతో (కలుపు తవ్వే చేతి పనిముట్టుతో) కింద దాకా తెగ్గొడితే మళ్ళీ మొలవడానికి గడ్డలోని నిల్వనే ఖర్చు చేయాలి. రెండు మూడు వారాలకోసారి ఇలా చేస్తూ పోతే గడ్డ బలహీనపడుతుంది. మీ చేలో ఇప్పుడు తుంగ వయసు 15-20 రోజులు. అంటే ఈ వారంలోనే తొలిక పెట్టాలి, మళ్ళీ 38-40 రోజుల దగ్గర ఇంకోసారి. ఆలస్యమైతే మీరు తవ్వేది కొత్త గడ్డలున్న మొక్కని.

రెండోది, తుంగ నీడకు తట్టుకోలేదు, గడ్డ ఎండకు తట్టుకోలేదు. నీడ సంగతి సాళ్ళ ఎడంతో తేలుతుంది. 30 సెంటీమీటర్ల సాలుకు 10 సెంటీమీటర్లకో మొక్క నిలిస్తే ఎకరాకు లక్షా 33 వేల మొక్కలు, అవి 50 రోజులకల్లా నేలను కప్పేస్తాయి. మొలక తప్పి ఖాళీలుంటే ఆ ఖాళీలన్నీ తుంగవే. విత్తనశుద్ధిని తెగుళ్ళ పనిగానే చూస్తాం, కలుపు పని కూడా అదే. ఇక ఎండ సంగతి వేసవి దుక్కితో తేలాలి. ఎండలు ముదిరినప్పుడు నాగలితో లోతుగా తిరగేసి, పెడ్డలు పెడ్డలుగా వదిలేసి, వారం పది రోజులు గడ్డలను ఎండనివ్వాలి. పైకి వచ్చిన గడ్డ లోపలి తేమ పోతే చస్తుంది. పదిహేను రోజులాగి అడ్డంగా ఇంకో చాలు దున్నితే రెండో విడత గడ్డలు పైకొస్తాయి. ఇది పొడినేలలో చేయాల్సిన పని. పదునున్న నేలలో చేస్తే మొక్కలు నాటినట్టే అవుతుంది. గరిక కూడా ఇదే దారిలో తగ్గుతుంది, కాకపోతే గరిక కాడలను ఏరి గట్టు దాటించాలి.

ఏటా రెండు మూడు సార్లు దున్నినా తగ్గని మచ్చలుంటే, అనుమతి ఉన్నచోట, పైరు లేనప్పుడు గ్లైఫోసేట్ వాడవచ్చు. ఆ మందు ఆకుల్లోంచి గడ్డల్లోకి దిగాలంటే తుంగ పచ్చగా, చురుగ్గా పెరుగుతూ ఉండాలి. దున్ని ఆకులు తెగ్గొట్టి వెంటనే కొట్టడం, లేదా ఎండి వాడిపోయిన తుంగ మీద కొట్టడం వృథా. కలిపే నీళ్ళు తేటగా ఉండాలి, బురద నీళ్ళలో మట్టి ఆ మందును పట్టేసుకుంటుంది. మొక్కజొన్న, చెరకు చేలలో తుంగకు కొట్టే హాలోసల్ఫ్యూరాన్‌ను వేరుశనగ చేలోకి మాత్రం తేవద్దు. తుంగ కంటే ముందు పైరే పోతుంది.

అమృతకాడ ఇంకో రకం మొండిది. కొన్ని చోట్ల దీన్ని వెన్నదేవి కూర అంటారు. తేమ ఉన్నప్పుడు కోసి సాలులోనే పడేస్తే ప్రతి కణుపూ వేరు పోసుకుని ఒక మొక్క పది మొక్కలవుతుంది. అంతకంటే ఆశ్చర్యం నేల కింద ఉంది. పైన కనిపించే నీలం పూలతో పాటు, మట్టిలోకి పాకే తెల్లటి కాడల మీద విచ్చుకోని పూలు పూసి, నేల లోపలే గింజలు కడుతుంది. వేరుశనగ చేసే పనే ఈ కలుపూ చేస్తోంది. పైనున్నదాన్ని కోసినంత మాత్రాన గింజ ఆగకపోవడానికి కారణం అదే. కాబట్టి దీన్ని కోయకూడదు, వేరుతో సహా పీకాలి, గంపలో వేసి బయటికి తేవాలి, గట్టి నేల మీద పరిచి పూర్తిగా ఎండేదాకా ఉంచాలి. పచ్చిగా ఉన్నప్పుడు ఎరువు దిబ్బలో వేయవద్దు. మందుల్లో ఇమాజెతాపిర్ చిన్న మొక్కను కొంతవరకు ఆపుతుంది, గుబురు కట్టినదాన్ని ఆపలేదు. గ్లైఫోసేట్‌కు కూడా ఇది తేలిగ్గా లొంగదు. విత్తిన వెంటనే కొట్టే మందుల్లో ఎస్-మెటలాక్లోర్ దీని మీద బాగా పనిచేస్తుంది. వచ్చే పంటకు అమృతకాడ ఎక్కువున్న మడుల్లో పెండిమిథాలిన్ బదులు దాన్ని చూడండి, మీ దగ్గర వేరుశనగకు నమోదై ఉంటేనే సుమా.

గలిజేరు గురించి ఒక్క మాట చాలు. మొలిచిన మూడు నాలుగు వారాలకే పూసి గింజ రాలుస్తుంది, ఒక్క పంటకాలంలో రెండు మూడు తరాలు గడుపుతుంది. లేతగా ఉన్నప్పుడు గుంటక తగిలితే చాలు చస్తుంది. మీ చేలోది పూతకు దగ్గరపడి ఉంటుంది, మందుకోసం ఎదురుచూడకుండా ముందు దాన్నే తీయించండి.

పెండిమిథాలిన్ ఎందుకు పనిచేయలేదన్నారు. చేలో నడిచి చూస్తే జవాబు అక్కడే రాసి ఉంటుంది. ఊద, గలిజేరు పొడుగ్గా పట్టీలు పట్టీలుగా లేచి ఉంటే నాజిల్ లోపం, రెండు వరసల మధ్య మందు పడలేదు. చేనంతా సమానంగా లేచి ఉంటే పైమట్టిలో పదును లేదు, లేదా నీళ్ళు తక్కువ కలిపారు. పెడ్డలున్న చోటే లేచి ఉంటే, పెడ్డ పగిలినప్పుడు మందు తగలని మట్టి బయటపడి అందులో గింజ మొలిచింది. తుంగ మాత్రమే లేచి ఉంటే మందు తప్పేమీ లేదు, గడ్డ నుంచి వచ్చే మొలకను అది ఆపదు.

ఈ మందు నేల మీద ఒక పలచటి పొర కడుతుంది. ఆ పొరలోంచి వచ్చే లేత వేరు ఎదగలేక గింజ మొలకలోనే చస్తుంది. మొలిచి పైకొచ్చిన కలుపును ఏమీ చేయదు. విత్తిన 24 నుంచి 48 గంటల్లోపు, తడి నేల మీద, 30 శాతం ద్రావణమైతే ఎకరాకు సుమారు 1.3 లీటర్లు, 200 లీటర్ల నీటిలో పడాలి. కొట్టేవాళ్ళు వెనక్కి నడుస్తూ కొట్టాలి, పొర మీద అడుగులు పడకూడదు. వేరుశనగ గింజ 4-5 సెంటీమీటర్ల లోతులో ఉంటుంది కాబట్టి పొర కింద క్షేమం. ఇసుక నేలలో విత్తనం పైపైన పడి, మందు తర్వాత జోరు వాన కురిస్తే మాత్రం మొలక కాడ ఉబ్బి పెళుసవుతుంది.

ఎకరాకు 200 లీటర్లు అనగానే డబ్బాల లెక్కలో అందరూ తడబడతారు. మందు కలపకముందు ఉత్త నీళ్ళతో 100 చదరపు మీటర్లు మీ మామూలు నడకతో కొట్టి చూడండి. ఎన్ని లీటర్లు అయ్యాయో దాన్ని 40తో హెచ్చిస్తే ఎకరాకు ఎంతో తెలిసిపోతుంది. అయిదు లీటర్లు అయితే సరిగ్గా ఉన్నట్టు. కలుపు మందుకు చదునుగా విసనకర్రలా పడే నాజిల్ పెట్టండి, పురుగు మందు నాజిల్ వద్దు. కలుపు మందుకు ఒక పంపు విడిగా ఉంచుకోండి. ముందు పంటలో 2,4-డి అనే వెడల్పాకు కలుపు మందు కొట్టిన పంపును నీళ్ళతో ఒక్కసారి తొలిచి వేరుశనగలోకి తెచ్చి, మొదటి నాలుగు సాళ్ళు మెలితిరిగిపోవడం నా చేలోనే చూశాను. ఆ రోజు నుంచి నా దగ్గర రెండు పంపులున్నాయి.

మందు కొట్టి వారం పది రోజులైన తర్వాత, అంటే 35 రోజుల దగ్గర, సాళ్ళ మధ్య దంతె తోలించండి. పైపైన రెండు మూడు సెంటీమీటర్లు కదిలితే చాలు. లోతుకు పోతే నేలలో నిద్రపోతున్న గింజలు వెలుగు చూసి మొలుస్తాయి. మట్టిని మొక్క మొదట్లోకి ఎగదోసి కొమ్మలను కప్పేయడం మంచి అలవాటు కాదు. ఊడలకు మట్టి అందుతుందని చేస్తారు, కానీ మొదళ్ళు, కింది కొమ్మలు మట్టిలో పూడితే కాండం కుళ్ళు శిలీంధ్రానికి దారి దొరుకుతుంది. సాలు పక్కన మట్టి గుల్లగా ఉండాలి, మొక్క మీద ఉండకూడదు. జిప్సం వేసేవాళ్ళు 40 రోజుల దగ్గర పెట్టే ఆఖరి తొలికతో పాటే వేసుకుంటే రెండుసార్లు చేలో దిగక్కర్లేదు. ఆ తర్వాత మిగిలిన పెద్ద మొక్కలను ఒక చేత్తో పైరు మొదలు నొక్కిపట్టి పీకాలి. ఊడల మధ్య పాతుకున్నవాటిని పీకకుండా కొడవలితో కోయండి.

గట్ల సంగతి కూడా చూడండి. గట్టు మీది వయ్యారిభామ చేలోకి రానంతవరకు పర్వాలేదనుకుంటాం. 2000లో అనంతపురం ప్రాంతంలో వేరుశనగను లక్షల ఎకరాల్లో ముంచిన కాండం కుళ్ళు వైరస్‌కు (ఇందాకటి శిలీంధ్రం కాదు, ఇది వేరు) పుట్టిల్లు ఆ మొక్కే. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది, తామర పురుగులు ఆ పుప్పొడిని పైరు మీదికి మోసుకెళ్తాయి. వయ్యారిభామలో రోగం పైకి కనిపించదు కూడా. పూత రాకముందే పీకేయండి, చేతులకు తొడుగు వేసుకుని.

వచ్చే పంటకు అన్నింటికంటే పనికొచ్చేది విత్తేముందు రెండు వారాలు ఆగడం. నేల తయారు చేసి, ఒక వాన పడనిచ్చి లేదా ఒక తడి పెట్టి, కలుపును మొలవనివ్వండి. పది పన్నెండు రోజులకు పైనున్న గింజల్లో చాలా భాగం మొలుస్తుంది. అప్పుడు గుంటకతో పైపైన తోలి చంపి, మళ్ళీ లోతుగా కదపకుండా విత్తండి. విత్తడం పదిరోజులు వెనకబడుతుందని మనసొప్పదు, నాకూ మొదట్లో ఒప్పలేదు. తర్వాత కలుపు కూలీల లెక్క చూసుకున్నాక మానలేదు.

ఒకే మందును ఏటా కొట్టడం మాత్రం ఆపండి. ఇమాజెతాపిర్ గుంపు మందులకు కలుపు త్వరగా అలవాటుపడుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రం పత్తి, వేరుశనగ రెండూ పండించే ప్రాంతం. అక్కడ పామర్ అనే తోటకూర జాతి కలుపు ఈ గుంపుకూ లొంగడం మానేసింది, గ్లైఫోసేట్‌కూ లొంగడం మానేసింది. ఒక్కో మొక్క లక్షల్లో గింజలు రాలుస్తుంది. అక్కడి రైతులు చివరికి మళ్ళీ చేతులతో పీకించుకోవలసి వచ్చింది. మన చేలో తోటకూర, గునుగు కూడా అదే కుటుంబం. మందు కొట్టిన తర్వాత చుట్టూ చచ్చి, మధ్యలో ఒక్కటే పచ్చగా నిలబడ్డ మొక్క కనిపిస్తే దాన్ని గింజ పట్టనివ్వకండి. పైరు మార్పిడి కూడా ఇందుకే. మధ్యలో ఒక ఏడు జొన్నో మొక్కజొన్నో వేస్తే వెడల్పాకు కలుపును వేరే మందులతో, వేరే దారిలో అణచవచ్చు. పశువుల ఎరువు పూర్తిగా చివికాకే తోలండి. చివకని ఎరువులో గింజలు మొలవడానికి సిద్ధంగా ఉంటాయి.

ఇప్పుడు తుంగ మచ్చలున్న చోట్ల నాలుగు మూలలా కర్రలు పాతండి. పైరు కమ్ముకున్నాక ఆ హద్దులు కనిపించవు. కోత రోజున ఆ మచ్చలను అన్నింటికంటే చివర పీకించండి, ఆ కాయలను విడిగా కుప్ప వేసి గడ్డలు ఏరించండి, విత్తనానికి వాడవద్దు. యంత్రం ఆ మచ్చ దాటగానే పళ్ళకు అంటుకున్న మట్టిని అక్కడే గీకించి పంపండి.